మనసును ఏ భాషలో కొలవాలి

(స్మారక ఉపన్యాస పాఠం)

వెనక బెంచీల్లో ఉన్న ఎం.ఏ., ఎం.ఎస్సీ. విద్యార్థులారా, ఈ ఉపన్యాసం మీ కోసమే రాసుకొచ్చాను. ఆహ్వానపత్రికలో మాస్టారి పేరు డిగ్రీలతో సహా వేశారు. కాని మా బ్యాచ్‌లో ఎవరమూ ఆయన్ను పేరుతో తలుచుకున్న గుర్తు లేదు. మాకు ఆయన మాస్టారు. ఈ సాయంత్రమూ అలాగే అంటాను, మన్నించాలి.

మా డిపార్ట్‌మెంటు ల్యాబులో ఒక అద్దం ఉండేది. నక్షత్రం బొమ్మ అచ్చేసిన కాగితాన్ని రేకు చాటున పెడతారు. చేతిని నేరుగా చూడటానికి వీల్లేదు. అద్దంలో చూసుకుంటూ నక్షత్రపు రెండు గీతల నడుమ పెన్సిలు నడపాలి. సైకాలజీ చదివినవాళ్లకు తెలిసిన ప్రాక్టికలే ఇది, మిర్రర్ డ్రాయింగ్ అంటారు. మొదటిసారి చెయ్యి మన మాట వినదు. పైకి పొమ్మంటే కిందికి పోతుంది. పదిసార్లు గీశాక దారిలో పడుతుంది. తప్పులు లెక్కపెట్టి, గ్రాఫు వేసి, రికార్డులో సంతకం పెట్టించుకుంటే మా పని అయిపోయేది. ఒకరోజు మాస్టారు రికార్డు పుస్తకాలన్నీ పక్కన పెట్టించి, ఇలాంటి అద్దం ముందే కూర్చున్న ఇంకొక మనిషి సంగతి చెప్పారు.

అమెరికాలో హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్లో 1953లో ఒక యువకుడికి మెదడు ఆపరేషన్ చేశారు. వయసు 27. ఏ మందుకూ లొంగని మూర్ఛ. సర్జన్ విలియం స్కోవిల్ మెదడుకు రెండు వైపులా కణతల లోపలి భాగాన్ని, హిప్పోకాంపస్‌తో సహా చాలావరకు తీసేశారు. మూర్ఛలు తగ్గాయి. కాని ఆ రోజు నుంచి ఆ మనిషికి కొత్త సంగతి ఏదీ నిలవలేదు. 1955 ఏప్రిల్లో బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వెళ్లి తేదీ అడిగితే 1953 మార్చి అని చెప్పాడు, వయసు 27 అన్నాడు. ఆమె అతని ముందు అద్దం, నక్షత్రం పెట్టింది. మూడు రోజులు గీయించింది. మూడో రోజుకు చెయ్యి చక్కగా తిరిగింది. అంతకుముందు ఎప్పుడైనా ఇది గీశావా అంటే, ఎరగనన్నాడు. చేతికి గుర్తుంది, మనిషికి గుర్తులేదు. జ్ఞాపకం అనేది ఒక్కటే కొట్టు కాదని, అందులో వేరువేరు అరలున్నాయని లోకానికి గట్టిగా తెలిసింది ఆ కాగితాల వల్ల. మాస్టారు మాకు చెప్పిననాటికి ఆ మనిషి పుస్తకాల్లో హెచ్.ఎం. అనే రెండక్షరాలు మాత్రమే. 2008 డిసెంబరులో, 82 ఏళ్ల వయసులో కన్నుమూశాక గాని హెన్రీ మొలైసన్ అన్న పేరు బయటికి రాలేదు.

స్కోవిల్, మిల్నర్ కలిసి రాసిన 1957 నాటి వ్యాసం గురించి పరీక్షల్లో ప్రశ్న వస్తుంది, మీరంతా జవాబు రాస్తారు. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది మిల్నర్ నడిచిన తోవ. ఆమె మాంట్రియల్‌లో, మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ హెబ్ దగ్గర పరిశోధక విద్యార్థిని. 1952లో పీహెచ్‌డీ పూర్తిచేసింది. దానికోసం ఆమె కూర్చున్నది వైల్డర్ పెన్‌ఫీల్డ్ ఆపరేషన్లు చేసే నరాల ఆసుపత్రిలో, రోగుల పక్కన. సిద్ధాంతం విశ్వవిద్యాలయంలో, మనిషి ఆసుపత్రిలో, ఆ రెంటి మధ్య రోజూ తిరిగిన విద్యార్థిని ఒకతె. కాగ్నిటివ్ సైకాలజీ, న్యూరోసైకాలజీ అని మనం రెండు పేపర్లుగా చదివే వాటిని ఆమె ఒక్క చదువుగా చదివింది.

మాస్టారు ఆ తోవను మా ఊళ్లో, మాకు చేతనైన మేరకు, నడిపించారు. సిలబస్‌లో ఆసుపత్రి లేదు. ఆదివారాలు ఆయనే మమ్మల్ని బస్సెక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్లేవారు. అక్కడ నేను చూసిన మొదటి రోగి ఒక రిటైరైన బడిపంతులు. పక్షవాతం వచ్చి కుడి కాలూ చెయ్యీ, వాటితోపాటు మాటా పడిపోయాయి. పేరు అడిగితే ‘అద... అద...’ అనడం తప్ప ఇంకో మాట రాలేదు. మంచినీళ్లు కావాలన్నా ‘అద’ అనే. కళ్లలో మాత్రం అంతా తెలుస్తూనే ఉంది. మాస్టారు మంచం పక్కన కూర్చుని వేమన పద్యం ఒకటి మొదలుపెట్టి, మొదటి పాదం సగంలో ఆపేశారు. పంతులుగారు అందుకున్నారు. నాలుగు పాదాలూ, ఒక్క అక్షరం పోకుండా, రాగంతో చదివారు. చదివి ఏడ్చారు. మంచానికి అటువైపు నిలబడ్డ ఆయన భార్యా ఏడ్చింది. ‘మాట వచ్చేసింది బాబూ’ అని మాస్టారి చేతులు పట్టుకుంది.

మాట రాలేదు. పద్యం వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మాస్టారు ఆ తేడా చెప్పారు. పంతొమ్మిదో శతాబ్దంలోనే జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ అనే ఇంగ్లిష్ వైద్యుడు గమనించిన విషయం ఇది. అప్పటికప్పుడు కూర్చుకుని చెప్పే మాట వేరు, నోటికి వచ్చేసి దానంతటదే దొర్లే మాట వేరు. మొదటిది పోయినా రెండోది మిగలవచ్చు. అందుకే మాట పడిపోయినవాళ్లు అంకెలు వరసగా చెబుతారు, దేవుడి పేర్లు చెబుతారు, కోపం వస్తే తిడతారు. ఆ తరవాత మాస్టారు జేబులోంచి నోటుబుక్కు తీసి, పంతులుగారు అన్నవన్నీ, ‘అద’లతో సహా, ఎన్నిసార్లు ఏ స్వరంలో అన్నారో రాసుకున్నారు. మాకు ఆయన పెట్టిన నియమం ఒక్కటే: రోగి అన్నమాట అన్నట్టే రాయండి, మీ ఇంగ్లిష్‌లోకి మార్చి రాయకండి. ఆ నోటుబుక్కులు మూడున్నాయి.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఆ నియమం నుంచి పుట్టిందే. మన దగ్గర మనసును గురించిన పీజీ చదువు ఇంగ్లిష్‌లో సాగుతుంది. మన రోగులు తెలుగులో మరిచిపోతారు, తెలుగులో తడబడతారు. ఆ మధ్య దూరాన్ని దాటడం నేర్పని చదువు ఎన్ని పేపర్లున్నా సగం చదువే.

ఒక చిన్న ఉదాహరణతో మొదలుపెడతాను. కొన్ని అంకెలు చదివి, వరస తప్పకుండా తిరిగి చెప్పమనే పరీక్ష మీకు తెలుసు. 1970లో లండన్‌లో ఎలిజబెత్ వారింగ్టన్, టిమ్ షాలిస్ కె.ఎఫ్. అనే రోగిని గురించి రాశారు. మోటారుసైకిల్ ప్రమాదంలో మెదడు ఎడమవైపు దెబ్బతిన్న మనిషి. ఒకటి రెండు అంకెలకు మించి తిరిగి చెప్పలేడు. అయినా కొత్త సంగతులు నేర్చుకుని గుర్తుంచుకోగలడు. హెచ్.ఎం. దీనికి సరిగ్గా వ్యతిరేకం. విన్న అంకెలు అప్పటికప్పుడు చెప్పేస్తాడు, కాసేపటికి ఏదీ ఉండదు. ఒక గదిలో దీపం ఆరి ఫ్యాను తిరుగుతోంది, పక్క గదిలో ఫ్యాను ఆగి దీపం వెలుగుతోంది అంటే రెంటికీ తీగలు వేరని ఇంట్లో పిల్లలు కూడా చెబుతారు. మన శాస్త్రంలో సగం తర్కం ఇదే. ఇద్దరు రోగుల్ని పక్కపక్కన పెట్టి చూడటం.

ఇప్పుడు ఈ అంకెల పరీక్షను తెలుగులో పెట్టి చూడండి. ఇంగ్లిష్‌లో ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెల్లో ‘సెవెన్’ తప్ప తక్కినవన్నీ ఒక్కొక్క ఉచ్చారణ ముక్కే. మొత్తం 10. తెలుగులో రెండు, మూడు, ఐదు, ఆరు, ఏడు రెండేసి అక్షరాలు. ఒకటి, నాలుగు, తొమ్మిది మూడేసి. ఎనిమిది నాలుగు. మొత్తం 23. పొడుగు మాటల జాబితా కంటే పొట్టి మాటల జాబితా బాగా గుర్తుంటుందని అలన్ బాడ్లీ, ఆయన సహచరులు 1975లోనే చూపించారు. మనం విన్నదాన్ని లోలోపల అనుకుంటూ నిలుపుకుంటాం, అనుకోవడానికి ఎక్కువ సేపు పడితే ముందువి జారిపోతాయి. 1980లో వేల్స్‌లో ఎలిస్, హెనెలీ అనే ఇద్దరు దీన్ని రెండు భాషలకూ పట్టించి చూశారు. వెల్ష్ పిల్లలకు అంకెల పరీక్షలో మార్కులు తక్కువ వస్తున్నాయని అప్పటికే ఉంది. వెల్ష్ అంకెలు పలకడానికి ఎక్కువ సేపు పడుతుంది, తేడా అక్కడిది, పిల్లల బుర్రలది కాదు అని తేల్చారు.

మన అంకెల మీద ఆ పని ఎంత జాగ్రత్తగా జరగాలో ఆలోచించండి. అక్షరాల సంఖ్య ఒక్కటే చాలదు, పలికే వేగం కొలవాలి. ఇంకో చిక్కూ ఉంది. తెలుగులో మాట్లాడుతూ మాట్లాడుతూ ఫోన్ నంబరు దగ్గరికి రాగానే ఇంగ్లిష్ అంకెల్లోకి వెళ్లిపోయేవాళ్లు మనలో ఎందరో. అలాంటి మనిషికి అంకెల పరీక్ష ఏ భాషలో పెట్టాలి? బడికి పోని వాళ్లమ్మకి ఏ భాషలో పెట్టాలి? ఇద్దరి మార్కులను ఒకే పట్టికలో పోల్చవచ్చా? ఇది ఒక పూర్తి ఎం.ఏ. డిజర్టేషన్. స్టాప్‌వాచి, ఓపిక ఉంటే చాలు, స్కానర్ అక్కర్లేదు.

అంకెల దగ్గర పొరపాటు పడితే ఒకటి రెండు మార్కులు పోతాయి. మనిషి విషయంలోనే పొరపాటు పడిన రోజు ఒకటుంది, అది నాదే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక ఆసుపత్రిలో మతిమరుపు రోగుల పరీక్షలు చేసేవాణ్ణి. ఒక పెద్దావిడను కూతురు తీసుకొచ్చింది. వ్యవసాయ కూలీ, బడి మొహం చూడలేదు. చెప్పింది మరిచిపోతోంది, పలకరిస్తే పలకదు అని కూతురి బాధ. నేను మినీ మెంటల్ పరీక్ష పెట్టాను. 1975లో మార్షల్ ఫోల్‌స్టీన్, ఆయన సహచరులు తయారుచేసిన 30 మార్కుల పరీక్ష. ఇవాళ తేదీ ఎంత? తెలీదయ్యా. ఏ సంవత్సరం? తెలీదు. నూరు నుంచి ఏడేసి తీసుకుంటూ రా. ఆమె నా మొహం వంక చూసింది. ఈ కాగితం మీద ఉన్నది చదువు. ఒక వాక్యం రాయి. ఈ బొమ్మ చూసి గీయి.

ఆ పరీక్ష లెక్క విప్పి చూడండి. వెనక్కి లెక్కపెట్టడానికి 5 మార్కులు, చదవడానికి 1, రాయడానికి 1, బొమ్మ గీయడానికి 1. జ్ఞాపకం సంగతి రాకముందే, పెన్సిలు పట్టని మనిషికి 8 మార్కులు పోయే వీలుంది. మిగిలేది 22. మామూలుగా 24 కంటే తక్కువైతే అనుమానించాలంటారు. అంటే ఏ జబ్బూ లేకుండానే ఆమె గీత కిందికి వచ్చేస్తుంది. నేను డిమెన్షియా అని రాసి సంతకం పెట్టాను.

ఆ మధ్యాహ్నం వరండాలో ఆమె కూతురితో అంటున్న మాట నా చెవిన పడింది. మొన్న ఏకాశికి చెయ్యాల్సిన లెక్క ఇంకా చెయ్యలేదు, ఎల్లుండి అమాస, అమాసకి పని ఉండదు, రేపే పోయి ఆసామిని పదకొండు రోజుల కూలి అడగాలి అంటోంది. నేను తేదీ అడిగితే తెలీదన్న మనిషి! ఆమె క్యాలెండరు నా దగ్గర లేదు, అంతే. ఆ సాయంత్రం రిపోర్టు మాస్టారికి చూపించి ఈ సంగతి చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఆమెకు రానివి రాశావు, వచ్చినవి ఏమిటో కూడా రాసుకురా అన్నారు. మర్నాడు వాళ్ల ఊరు వెళ్లాను. కొడుకు పోయి మూడు నెలలైంది. తిండి లేదు, నిద్ర లేదు, ఎవరు ఏం చెబుతున్నా ధ్యాస లేదు. వయసు మళ్లినవాళ్లలో దిగులు మతిమరుపు వేషం వేసుకొస్తుందని పుస్తకంలో చదివి, మార్కులు తెచ్చుకుని, మనిషి ఎదుట కూర్చున్నప్పుడు గుర్తుపట్టలేకపోయాను. రిపోర్టు మార్పించాం. మందులు పడ్డాక ఆమె తేరుకుంది. ఆ సంతకం మాత్రం నాకు ఇప్పటికీ కనబడుతుంది.

అదే పరీక్షలో విన్నది విన్నట్టు తిరిగి చెప్పాల్సిన వాక్యం ఒకటుంది: ‘నో ఇఫ్స్, ఆండ్స్, ఆర్ బట్స్’. ఇంగ్లిష్‌లో అది నాలుక తిప్పే పొట్టి మాటల పరీక్ష. దాన్ని మాటకు మాట తెలుగు చేస్తే అటు అర్థమూ ఉండదు, ఇటు కష్టమూ ఉండదు. పరీక్షను అనువదించడం వేరు, తయారుచేయడం వేరు. నా విద్యార్థులకు ఎన్నేళ్లు చెప్పినా తనివి తీరని మాట ఇది.

ఈ సమస్య మనకొక్కరికే వచ్చింది కాదు. అలెగ్జాండర్ లూరియా పేరు మీకు తెలుసు. 1931, 1932లలో ఆయన బృందం ఉజ్బెకిస్తాన్ పల్లెల్లో రైతులతో కూర్చుంది. సుత్తి, రంపం, గొడ్డలి, దుంగ బొమ్మలు చూపించి వీటిలో చేరనిది ఏదని అడిగారు. చదువుకున్నవాళ్లు దుంగను పక్కన పెట్టి మిగతావి పనిముట్లు అన్నారు. చదువులేని రైతులు నాలుగూ ఉండాల్సిందేనన్నారు. దుంగ లేకపోతే రంపం దేనికి? వాళ్ల లోకంలో అది చక్కటి తర్కం. వస్తువుల్ని జాతులుగా విడగొట్టడం బడి నేర్పే అలవాటు. లూరియా నిర్ణయాల్లో కొన్నిటితో నాకు పేచీ ఉంది. చదువులేని మనిషి ఆలోచనను ఆయన ఒక మెట్టు కింద పెట్టినట్టు కొన్నిచోట్ల అనిపిస్తుంది. కాని ఆయన వాళ్ల టీ దుకాణాల్లో కూర్చుని, మాట మాటా రాసుకున్నారు. ఆ పరిశోధన పుస్తకంగా రష్యన్‌లో అచ్చయింది 1974లో, నలభై ఏళ్ల తరవాత. ఆ మధ్యలో ఆయన ఏం చేశారో చూడండి. మనస్తత్వ శాస్త్రంలో అప్పటికే పేరున్న మనిషి మళ్లీ వైద్యవిద్యార్థిగా చదివి 1937లో డాక్టరు పట్టా తీసుకున్నారు. యుద్ధం వచ్చాక ఉరల్ పర్వతాల దగ్గర తలకు గాయాలైన సైనికుల ఆసుపత్రి నడిపారు. న్యూరోసైకాలజీలో ఆయన గొప్ప పుస్తకాలకు మూలం ఆ మంచాలే.

మన భాష దగ్గరికి వస్తాను. బొమ్మ చూపించి పేరు చెప్పమనే పరీక్షలో జవాబుల పట్టికలో ‘సొరకాయ’ అని ఉంటే ‘ఆనపకాయ’ అన్నవాళ్లకు మార్కు వేయాలి. ‘ఉల్లిపాయ’ దగ్గర ‘ఎర్రగడ్డ’ అంటే వేయాలి. ‘తాళంచెవి’ దగ్గర ‘బీగంచెవి’ అంటే వేయాలి. ఇది తెలిసిన సంగతే కదా అంటారు. శ్రీకాకుళం పిల్ల అనంతపురం ఆసుపత్రిలో ట్రెయినీగా చేరినప్పుడు తెలియదు. ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు నిమిషంలో ఎన్ని చెప్పగలరో చూసే పరీక్ష మరో చిక్కు. ఇంగ్లిష్‌లో ఎఫ్, ఎ, ఎస్ అంటారు. తెలుగులో ‘ప’ అని అడిగితే ‘పాలు’, ‘పిల్లి’, ‘పూలు’ లెక్కలోకి వస్తాయా? మన లిపి గుణింతాల లిపి. ‘ప’, ‘పి’ ఒక హల్లువే, కాని రెండు అక్షరాలు. చదువుకున్న మనిషి తన పలక మీది అక్షరాన్ని తలుచుకుంటాడు, చదువుకోని మనిషికి ఈ ప్రశ్నే అర్థం కాదు. అలాంటి మనిషిని జంతువుల పేర్లు చెప్పమనండి, కూరగాయలు చెప్పమనండి, గొర్రెల కాపరి అయితే గొర్రెల్లో రకాలు చెప్పమనండి.

చదవడంలో ఇంకో విచిత్రం. డిమెన్షియా రాకముందు మనిషి తెలివి ఏ స్థాయిలో ఉండేదో అంచనా వేయడానికి 1982లో బ్రిటన్‌లో హేజల్ నెల్సన్ ఒక పఠన పరీక్ష తయారుచేశారు. స్పెల్లింగుకీ ఉచ్చారణకీ పొంతన లేని ఇంగ్లిష్ మాటల జాబితా అది. అలాంటి మాటను సరిగ్గా పలకాలంటే ముందే తెలిసి ఉండాలి, కూడబలుక్కుంటే రాదు. పాతికేళ్ల కిందట చదువుకున్నది అలా బయటపడుతుంది. ఈ పరీక్షను తెలుగులోకి తేవడం కుదరదు. మనం రాసినట్టే చదువుతాం. అక్షరాలు వచ్చిన పిల్లవాడు అర్థం తెలియని మాటనైనా తప్పులేకుండా చదివేస్తాడు. మరి తెలుగు రోగి పూర్వపు తెలివిని దేనితో అంచనా వేయాలి? సామెతలతోనా, పొడుపుకథలతోనా, చేసిన వృత్తిలోని మాటలతోనా? ఇక్కడ పడమటి పుస్తకం చేతులెత్తేస్తుంది. ఇక్కడి నుంచి మీరే రాయాలి.

ఇక్కడివాళ్లు రాస్తే లోకం చదువుతుందని చెప్పడానికి దూరం పోనక్కర్లేదు, హైదరాబాద్ చాలు. 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో నిమ్స్ మెమరీ క్లినిక్ నుంచి ఒక వ్యాసం వచ్చింది. 648 మంది డిమెన్షియా రోగులు. వాళ్లలో 391 మంది రెండు గాని అంతకుమించి గాని భాషలు మాట్లాడేవాళ్లు. ఒకే భాష మాట్లాడేవాళ్ల కంటే వీళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. అంతకుముందు 2007లో టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం ఇలాంటి ఫలితమే చూపినప్పుడు, రెండు భాషలవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు, తేడా వలసది కావచ్చు అనే ఆక్షేపణ వచ్చింది. హైదరాబాదులో ఆ ఆక్షేపణ నిలవదు. ఇక్కడ తెలుగు, ఉర్దూ, హిందీ మాట్లాడటానికి ఎవరూ దేశం దాటలేదు. వీధి దాటితే చాలు. చదువు వల్ల వచ్చిన తేడా అందామంటే, అక్షరం రాని రోగుల్లోనూ తేడా కనిపించింది. 2016లో అదే బృందం 608 మంది పక్షవాత రోగుల లెక్క ఇచ్చింది. పక్షవాతం తరవాత ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవాళ్లు రెండు భాషలవాళ్లలో 40.5 శాతం, ఒక భాషవాళ్లలో 19.6 శాతం.

దీన్ని పట్టుకుని ఇంకో భాష నేర్చుకుంటే మతిమరుపు రాదని ప్రచారం చేయకండి. ఊళ్లలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన కొన్ని విదేశీ పరిశోధనల్లో ఈ లాభం కనబడలేదు. వాదం ఇంకా నడుస్తోంది. నేను చూపించదలచింది ఆ 2013 వ్యాసం కింద ఉన్న పేర్లు. నరాల వైద్యులు అల్లాడి సువర్ణ, సుభాష్ కౌల్. భాషాశాస్త్రవేత్త దుగ్గిరాల వసంత. కంప్యూటర్, కాగ్నిటివ్ సైన్స్ నుంచి సూరంపూడి బాపిరాజు. ఎడిన్‌బరో నుంచి థామస్ బాక్. ఆసుపత్రి, భాషాశాస్త్ర విభాగం, ల్యాబు ఒక బల్ల దగ్గర కూర్చున్నాయి. ఆ తరవాత భారత వైద్య పరిశోధనా మండలి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళం భాషల్లో ఒకే తీరున పనికొచ్చే పరీక్షల పెట్టె తయారుచేయించింది. మాస్టారు జేబు నోటుబుక్కుతో మొదలుపెట్టిన పనికి ఇవాళ దేశమంతా ఒక దారి పడింది.

మరి మన పీజీ చదువు ఆ దారిలో ఉందా? చాలాచోట్ల ఎం.ఏ.లో కాగ్నిటివ్ సైకాలజీ ఒక పేపరు, న్యూరోసైకాలజీ ఇంకో పేపరు. మెదడు దెబ్బతిన్న మనిషి మొహం ఒక్కసారీ చూడకుండా రెండూ ఫస్టు క్లాసులో పాసవ్వవచ్చు. ల్యాబులో అద్దం ఉంది, హెచ్.ఎం. పుస్తకంలో ఉన్నాడు, ఈ రెంటినీ కలిపే ఆదివారం లేదు. అలహాబాద్ విశ్వవిద్యాలయంలో 2002 నుంచి ఉన్న కాగ్నిటివ్ సైన్స్ కేంద్రం, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని నాడీ, కాగ్నిటివ్ శాస్త్రాల కేంద్రం పరిశోధనకు మంచి చోట్లు. రోగులతో పనిచేయాలనుకుంటే దారి వేరు. బెంగళూరులో 1954లో మొదలై, 1974 నుంచి నిమ్‌హాన్స్‌గా ఉన్న సంస్థ ఆ శిక్షణకు పెద్దదిక్కు. 1992 నాటి చట్టం కింద పునరావాస మండలిలో నమోదు లేకుండా క్లినికల్ సైకాలజిస్టునని బోర్డు పెట్టకూడదు. ఎం.ఏ. పట్టా ఒక్కటీ ఆ హక్కు ఇవ్వదు. ఇన్నాళ్లూ ఆ తలుపు రెండేళ్ల ఎం.ఫిల్. 2022 నిబంధనల్లో యూజీసీ ఎం.ఫిల్.ను ఎత్తేసింది. క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025–26 దాకా వెసులుబాటు ఇచ్చింది. చేరేముందు ఆ సంవత్సరానికి ఏ కోర్సుకు గుర్తింపు ఉందో మండలి జాబితాలో మీ కళ్లతో చూసుకోండి. బ్రిటన్‌కు వెళ్లే పిల్లలకూ ఒక మాట. అక్కడి ఏడాది ఎం.ఎస్సీ. పరిశోధనకు మెట్టు, వైద్యానికి లైసెన్సు కాదు. అక్కడ క్లినికల్ డాక్టరేటు మూడేళ్లు. లక్షల అప్పు చేశాక ఈ సంగతి తెలిసి కుంగిపోయిన పిల్లల్ని నేను చూశాను.

అయినా వెళ్లండి, నేర్చుకోండి. మనవల్ని చూసుకోవడానికి వెళ్లి పరాయి దేశంలో మతి తప్పుతున్న తెలుగు అమ్మమ్మలున్నారు. ఆసుపత్రిలో మనవడు అటు ఇంగ్లిష్, ఇటు తెలుగు అందిస్తుంటే పరీక్ష జరుగుతుంది. ఆ మనవడు ప్రేమతో అమ్మమ్మ జవాబు సరిదిద్ది చెబుతాడు, పరీక్ష చెడిపోతుంది. తెలుగు తెలిసిన న్యూరోసైకాలజిస్టు ఒక్కరు ఆ గదిలో ఉంటే ఆ ఇంటికి ఎంత మేలో ఆలోచించండి.

స్మారక నిధి నిర్వాహకులకు ఒక విన్నపం చేసి ముగిస్తాను. ఏటా ఒక ఉపన్యాసం పెడుతున్నారు, సంతోషం. దానితోపాటు ఏటా ఒక ఎం.ఏ. విద్యార్థికి డిజర్టేషన్ ఖర్చు ఇవ్వండి. బస్సు ఛార్జీలు, జెరాక్సులు, రెండు నెలల భోజనం, అంతకంటే పెద్ద మొత్తం కాదు. ఒకే షరతు పెట్టండి. పరీక్ష తెలుగులో జరగాలి, పరీక్షకు కూర్చున్నవాళ్లలో సగం మంది బడికి పోనివాళ్లై ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న డెబ్బై ఏళ్ల కూలీకి, చేనేత కార్మికుడికి, చేపలు అమ్మే ఆమెకు ఎన్ని మార్కులు వస్తాయో తెలిస్తేనే జబ్బు మనిషి మార్కులకు అర్థం వస్తుంది. జిల్లాకొక విద్యార్థి ఈ పని చేస్తే పదేళ్లలో మన మార్కుల పట్టిక మన చేతిలో ఉంటుంది. ఆసుపత్రుల పెద్దలు వాళ్లకు వార్డులో ఒక కుర్చీ ఇప్పించండి.

మాస్టారి మూడు నోటుబుక్కులూ ఆయన అమ్మాయి నా దగ్గర ఉంచారు. పంతులుగారి ‘అద’లు మొదటి పుస్తకంలోనే ఉన్నాయి. ఆ డబ్బు అందుకునే మొదటి విద్యార్థికి ఆ మూడింటి నకళ్లు నేనే తీయించి ఇస్తాను. వచ్చే జూన్ లోపు దరఖాస్తు పెట్టండి.